అక్క పగడాలు, నా సముద్రం

రాబోయే వందేళ్ల వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనా మాది. అందులో సముద్రమంతా గళ్లు. ఒక్కో గడిలో ఒక జిల్లా పట్టేస్తుంది. పగడపు దిబ్బలు అంతకన్నా చాలా చిన్నవి కాబట్టి మా సముద్రంలో అవి లేనే లేవు.

అక్క పనేమో అసలు సముద్రంలో. విరిగిన పగడపు కొమ్మల్ని తొట్టెల్లో పెంచి, చచ్చిన దిబ్బల మీద అతికిస్తుంది. "ఉన్నవాటిని లేవంటారు, అదేం లెక్కే?" అని చెవిలో జోరీగలా పోరేది. ఆ పోరు పడలేక, మావాళ్ల కాళ్లూ గడ్డాలూ పట్టుకుని పగడాలను నమూనాలో చేర్పించాను. అవి కార్బన్‌ను మింగుతాయని తేలితే అక్క పనిని కొనసాగిస్తామని వాళ్ల సంస్థ అంది.

ఫలితం తలకిందులుగా వచ్చింది. పగడం సున్నపు గూడు కట్టుకునేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లలోకి వదులుతుంది. దిబ్బలు చచ్చేకొద్దీ మా సముద్రం గాలిలోంచి ఆవగింజంత ఎక్కువే పీల్చుకుంటోంది! కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని.

మాకో అలవాటుంది. నచ్చిన ఫలితం వస్తే టీ తాగుతాం. నచ్చనిది వస్తే, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడిందేమోనని వెతుకుతాం. వారమంతా వెతికాను. తప్పు దొరకలేదు. దొరకనందుకు ఏడుపొచ్చింది. చివరికి పగడాల లెక్కలోని ప్లస్‌ను నేనే మైనస్‌గా మార్చి చూశాను. గ్రాఫు ఎంత ముద్దుగా వచ్చిందో! పగడాలు కార్బన్‌ను మింగుతాయనే అందరూ నమ్ముతారు కాబట్టి అడిగేవాళ్లూ ఉండరు. దాన్ని పంపడానికి చేతులు రాక, మళ్లీ ప్లస్ పెట్టేసి అక్క దగ్గరికి వెళ్లాను.

షెడ్డులో తొట్టె ముందు కూర్చుని బ్రష్‌తో నాచు తోముతోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నీ పని ఆపేస్తారేమో అక్కా."

"ఆపితే ఆపనీ. దిబ్బ లేకపోతే అలలకి అడ్డేదో, చేపలకి ఇల్లేదో వాళ్లకి నేను చెప్పుకుంటా. నువ్వు మాత్రం వచ్చింది వచ్చినట్టే పంపు."

"రేపే పంపేస్తా. కానీ కార్బన్ వదిలేవాటిని పెంచడం ఎందుకని అడిగితే?"

అక్క బ్రష్ పక్కన పెట్టి నా వంక చూసింది.

"అమ్మ పోయేసరికి నీకు ఆరేళ్లు. నువ్వు ఊపిరి తీసి వదిలేదీ అదే గాలి కదే. అలాగని నిన్ను పెంచడం మానేశానా?"