సుంకమ్మ కోసం పాడిన పాట

నందికొట్కూరులోని పాత మిషను గుడికి ప్రేమయ్య సంఘపెద్ద. మిషను బడిలో పంతులుగా చేసి రిటైరైనవాడు. ఆదివారం వాక్యపాఠం చదివేది ఆయనే. ఆ గుడిలో అన్నిటికీ ఒక క్రమం ఉంది. ప్రార్థన పుస్తకంలో ఉన్నట్టు పాస్టరు అయ్యగారు ఒక మాట అంటే సంఘం ఒక మాట అనాలి. మోకరించేచోట మోకరించాలి, లేచేచోట లేవాలి. హార్మోనియం తప్ప మరో వాయిద్యం లేదు. దేవుని ముందు గొంతు పెంచడం ప్రేమయ్యకు మర్యాద లేనితనంగా తోచేది.

ఆయన భార్య సుంకమ్మకు చదువు రాదు. ఆదోని వైపు పల్లెలో, తప్పెట కొట్టేవాళ్ల ఇంట్లో పుట్టింది. బాప్తిస్మమప్పుడు శాంతమ్మ అని పేరు పెట్టినా ఎవరూ అలా పిలవలేదు. పెళ్లయినప్పటి నుంచీ గుడిలో ఆడవాళ్ల వరసలో చివర కూర్చుని, పుస్తకం లేకుండానే అందరితో కలిసి పెదవులు కదిపేది.

వాళ్లకు దీనమ్మ ఒక్కతే కూతురు. అల్లుడు ఏసన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. పెళ్లయ్యాక ఇద్దరూ అక్కడ రేకుల షెడ్డులో నడిచే కొత్త ప్రార్థన మందిరంలో చేరారు. డోలకు, కీబోర్డు, మైకు. చేతులెత్తి ఏడ్చేవాళ్లు కొందరు, పరిశుద్ధాత్మ దిగిందని ఎవరికీ తెలియని భాషల్లో మాట్లాడేవాళ్లు కొందరు. ఏసన్న తాగుడు మానింది అక్కడే. అది తెలిసి కూడా ప్రేమయ్య, "అది ఆరాధన గాదు, జాతర" అని తీసిపారేసేవాడు.

2005 ఎండాకాలంలో సుంకమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక ప్రేమయ్య పొద్దునా సాయంత్రమూ మంచం పక్కన కుర్చీ వేసుకుని ప్రార్థన పుస్తకం చదివేవాడు. ఆమె పెదవులు కొంచెం కదిలేవి. ఆయనకు అది చాలనిపించేది.

ఒక శనివారం దీనమ్మ, ఏసన్న, మందిరం వాళ్లు కొందరు వచ్చారు. "అమ్మ కోసం పాడతాం నాయనా" అంది దీనమ్మ. కాదనలేక ప్రేమయ్య పక్కకు జరిగాడు. ఏసన్న డోలకు అందుకున్నాడు. పాట పుంజుకుంది, చప్పట్లు జోరందుకున్నాయి. ఒకామె అర్థంకాని మాటలతో ప్రార్థించసాగింది. వీధిలో పోయేవాళ్లు ఆగి లోపలికి తొంగిచూస్తున్నారు. ప్రేమయ్యకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ఆయన కళ్లు సుంకమ్మ మీద పడ్డాయి. ఆమె ఎడమ చేయి దుప్పటి మీద తాళం వేస్తోంది. డోలకుతో సమంగా, ఎక్కడా తప్పకుండా. ముఖం వెలిగిపోతోంది. పాడేవాళ్లందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. చూసింది ఆయన ఒక్కడే.

"ఇంక చాలించండి" అంటూ లేచాడు. "బాగలేని మనిషి. ఈ గోల తట్టుకోలేదు."

"అమ్మకు ఇబ్బందిగా ఉండాదా నాయనా?"

"నేను చూస్తాండా కదమ్మా. శానా ఆయాసపడతాండాది."

దీనమ్మ వెంటనే డోలకు ఆపించింది. "తప్పయిపోయింది నాయనా" అని తల్లి నుదురు నిమిరి, అందరినీ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ప్రేమయ్య పుస్తకం తెరిస్తే సుంకమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. మర్నాడూ అంతే. జబ్బు ముదిరిందేమో అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కానీ చదువుతూ చదువుతూ పాపపు ఒప్పుకోలు దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేసేవాడు. చివరికి పొరుగింటి హులిగెమ్మను భార్య దగ్గర ఉంచి, రెండు బస్సులు మారి ఎర్రగుంట్ల చేరాడు.

"మీవాళ్లను పిల్చుకోని రామ్మా" అన్నాడు గడపలోనే నిలబడి.

"అమ్మకు పడదంటివి కదా నాయనా."

"పడింది. చెయ్యి ఆడించింది. మీరు కండ్లు మూసుకోనుంటిరి. నేను చూస్తిని. చూసీ అబద్ధం చెప్తిని."

దీనమ్మ నమ్మలేనట్టు చూసింది. "ఎందుకు నాయనా?"

"వీధిలో జనం చూస్తాండారనే ఆపిస్తినని అనుకొంటి. అది గాదు. ఇన్నేండ్లు నా పక్కనుండే మనిషి మొగంలో అట్లాంటి సంతోషం మన గుడిలో ఒక్కనాడూ చూడలేదు. ఓర్సుకోలేకపోతి."

"అమ్మను నేనే బాధపెట్టినానని ఆ పొద్దు నుంచి ఉపవాసముండి ఏడుస్తాండా" అంది దీనమ్మ. ప్రేమయ్య గడప మీద కూర్చుని, ముందు అన్నం తినమని కూతురిని బతిమాలాడు.

వాళ్లంతా వచ్చేసరికి సుంకమ్మ మగతలో ఉంది. పక్షవాతం మళ్లీ వచ్చిందని హులిగెమ్మ చెప్పింది. మందిరం వాళ్లు మెల్లగా పాట మొదలుపెట్టారు. "గట్టిగా పాడండప్పా!" అన్నాడు ప్రేమయ్య. పాట ఇల్లంతా నిండింది. ఆయన చూపు ఆమె ఎడమ చేతి మీదనే ఉంది. అది కదలలేదు. రెండు రోజులకు ఆమె పోయింది.

సమాధుల తోటలో అయ్యగారు పుస్తకం ప్రకారం క్రమమంతా జరిపారు. ఆమెన్ అన్నాక ప్రేమయ్య అల్లుడిని డోలకు తెమ్మన్నాడు. సంఘపెద్దల్లో ఒకాయన అడ్డం వచ్చాడు.

"ఏందప్పా ఇది ప్రేమయ్యా? బొంద కాడ డోలకా?"

"మా ఇంటామె అడిగింది."

"మాట లేని మనిషి ఎట్లడిగె?"

"అడిగింది. నేనే ఇనలేదు."

కొందరు పెద్దలు వెళ్లిపోయారు. అయ్యగారు మాత్రం పుస్తకం మూసి నిలబడ్డారు. ఏసన్న వాయించాడు, దీనమ్మ పాడింది. ప్రేమయ్య చేతులు కట్టుకునే ఉండిపోయాడు.

తర్వాతి ఆదివారం నుంచి వాక్యపాఠం వేరొకరు చదవాలని సంఘం తీర్మానించింది. ఆయన సరేనన్నాడు.

ఊరికి వెళ్తూ దీనమ్మ బస్టాండులో తండ్రి పక్కన నిలుచుంది. బస్సు వచ్చాక అడిగింది. "ఒక ఆదివారం మా దగ్గరికి వస్తావా నాయనా?"

"వస్తాలే. చప్పట్లు మాత్రం నాకు రావమ్మా."

"ఎవురూ కొట్టమనరులే" అని బస్సెక్కింది.