తగ్గించిన అరగంట

“ఆ ముందు బ్రేకు ఏదో ఒకరోజు మన కొంప ముంచుతుంది, చూస్తూ ఉండండి,” అంది మిషనమ్మ, ఇంట్లో ఇంకా ఎవరూ మొహం కూడా కడుక్కోకముందే.

అప్పటికి ఏమీ జరగలేదు. కూతురి బండి వాకిట్లో స్టాండు మీద బుద్ధిగా నిలబడే ఉంది. గోదాములో రాత్రి కాపలా కాసి అప్పుడే వచ్చిన భర్త గోడకు చేరబడి కళ్ళు మూసుకున్నాడు.

“పొద్దున్నే మొదలెట్టావా? నీకంటే ముందు నీ భయం పుట్టుంటుందే. అది వచ్చి, ఇల్లంతా చూసుకుని, తర్వాత నిన్ను రమ్మనుంటుంది.”

“నవ్వండి. నవ్వే నోరు మీది, ఏడ్చే కళ్ళు నావి.”

ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఇరవై రెండేళ్ళుగా చొక్కాలు, స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు కుడుతోంది కాబట్టి వీధిలో ఆమె మిషనమ్మ అయింది. కూతురు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసి, ఐసుపెట్టెలో పెట్టుకుని ల్యాబుకు చేర్చాలి. రోజుకు అరవై కిలోమీటర్లు. వారం క్రితం అన్నం తింటూ, “ముందు బ్రేకు పిడికిలంతా బిగిస్తే గానీ పడట్లేదమ్మా,” అని నోరు జారింది. ఆ ముక్క తల్లి చెవిలో పడ్డాక ఇక ఆ ఇంట్లో నిద్రెక్కడిది? రోడ్డు మీద అంబులెన్సు కూత వినబడితే చాలు, మిషను మీద ఆమె కాలు ఆగిపోతోంది. ఆ కూత దూరమయ్యేదాకా సూది గుడ్డలోనే దిగి ఉంటోంది.

“మూలమీది మెకానిక్కుకి ఇస్తే ఆరువందల్లో అయిపోతుంది,” అన్నాడు భర్త. “షోరూము వాళ్ళు కడిగేది బండిని కాదు, మనల్ని.”

“వారంటీ ఇంకా ఆర్నెల్లుంది నాన్నా,” అంది కూతురు తువ్వాలు భుజాన వేసుకుంటూ. “బయట విప్పిస్తే అది కాస్తా పోతుంది. పొద్దున షోరూములో ఇచ్చేసి ల్యాబుకెళ్తా. ఇవాళ నాకు లోపలి డ్యూటీయే. సాయంత్రం తెచ్చుకుంటా.”

“నేనూ వస్తాను,” అంది తల్లి.

“అమ్మా, అక్కడెవరూ కూర్చోరు!”

“నేను కూర్చుంటా. గుడ్డ ఇచ్చేసి వెళ్ళిపోయినవాళ్ళ గుడ్డ ఏమవుతుందో నాకు తెలుసు.”

కూతురు స్నానానికి వెళ్ళాక మిషనమ్మ దొంగలా వాకిట్లోకి వచ్చి బండి ముందు చక్రం దగ్గర కూర్చుంది. చేతిలో ఎర్రదారం ఉంది. అంతకుముందు రోజే మూలమీది మెకానిక్కుని అడిగి తెలుసుకుంది, బ్రేకు నిజంగా శుభ్రం చేశారో లేదో ఎలా పట్టుకోవాలని. “చక్రం దింపాలి పెద్దమ్మా. ఇదిగో, ఈ నట్టు విప్పకపోతే చక్రం దిగదు,” అని అతను చూపించాడు. ఆ నట్టుకీ, దాని పక్కన చక్రాన్ని పట్టుకున్న కడ్డీకీ కలిపి నాలుగు చుట్లు చుట్టి, తన ముడి వేసింది. ఆ ముడి కోస్తే తెగాలి గానీ లాగితే ఊడదు. వేశాక చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. అయినా చెంపలు వేడెక్కాయి. ఈ వయసులో మనుషులకు ఇలా ఉచ్చులు పన్నాల్సి వచ్చిందే అనిపించింది.

షోరూము ముందుభాగమంతా అద్దాలు. కొత్త బళ్ళు లైట్ల కింద పెళ్ళికూతుళ్ళలా తలొంచుకుని ఉన్నాయి. వెనకవైపు, నూనె వాసనలో, కాపురాలు చేసి నలిగిన బళ్ళు వరసలో నిలబడ్డాయి. కూతురు తాళం ఇచ్చి, “గొడవ పడకమ్మా,” అని చెవిలో చెప్పి, బస్సుకు పరిగెత్తింది.

కౌంటరు దగ్గర టై కట్టుకున్నాయన గబగబా టైపు చేసి కాగితం ఇచ్చాడు. అడుగున రెండువేల నాలుగువందల ఇరవై అని ఉంది. మిషనమ్మ గుండె ఒక మెట్టు దిగింది. ఏడో తరగతితో ఆపేసిన చదువు. అయినా బండితో వచ్చిన చిన్న పుస్తకాన్ని మూడు రోజులుగా కూడబలుక్కుని చదివింది. ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చాలో, ఏం చూస్తే చాలో అందులో గళ్ళు గీసి ఉంది. సంచిలోంచి ఆ పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టింది.

“బాబూ, ఇంజనాయిలు పుస్తకంలో ఉంది. ప్లగ్గూ, గాలి ఫిల్టరూ ఉన్నాయి. ఇంజను ఫ్లష్షంట, ఇదెక్కడుంది?”

“అది మంచిదమ్మా, లోపలంతా క్లీనవుతుంది.”

“మంచివి చాలా ఉంటాయి నాయనా. పుస్తకంలో ఉందా?”

టై ఆయన పుస్తకం వైపు చూడకుండానే ఆ పద్దు కొట్టేశాడు.

“మరి ఈ పాలిష్షు? తుప్పు పట్టకుండా కోటింగు? రేపు పొద్దున వాన పడితే మళ్ళీ బురదే కదా. మా పిల్ల పెళ్ళిచూపులకి తీసుకెళ్ళట్లేదు దాన్ని.”

వెనక నిలబడ్డ ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఇంకో రెండు పద్దులు పోయాయి. మొత్తం పదిహేనువందల డెబ్భైకి దిగింది. అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ గెలుపు రుచి మరిగిన నాలుక ఊరుకోదు.

“గంటకి ఐదువందలా? గంటన్నరకి ఏడువందల యాభయ్యా? గంటన్నరలో నేను చొక్కా కుట్టి గుండీలు కూడా వేసేస్తాను. ఈ సర్వీసుకి గంటన్నర ఎందుకు?”

“అది కంపెనీ లెక్కమ్మా.”

“కంపెనీ వచ్చి నట్లు బిగిస్తుందా? గంట రాయి.”

టై ఆయన కళ్ళు మూసి తెరిచాడు. వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు. ఫోను మోగుతోంది. “సరే అమ్మా, గంటే రాశా. ఇక నన్ను వదిలెయ్యండి.”

పదమూడువందల ఇరవై. ఒక్క పూటలో పదకొండు వందలు మిగిల్చింది! ఇంటికెళ్ళి ఆ కాపలా మహానుభావుడి ముఖాన ఈ కాగితం ఆడించాలనుకుంది. టై ఆయన అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు ఆమెకు తట్టలేదు.

లోపల బండి ఒక పెద్ద వయసు మేస్త్రీకి వెళ్ళింది. నెరిసిన గడ్డం, మోచేతుల దాకా నల్లటి నూనె, మాట మాత్రం లేదు. “ఆయన్నేం అడగకండమ్మా, మేమంతా మూగనోము అంటాం. పొద్దున నమస్తే అంటే సాయంత్రం తలూపుతాడు,” అన్నాడు నీళ్ళు కొట్టే అతను.

గాజు కిటికీ ఇవతల బెంచీ మీద మిషనమ్మ కూర్చుంది. మేస్త్రీ నూనె దింపాడు. ప్లగ్గు మార్చాడు. చెయిను బిగించాడు. మధ్యలో ఎవరో వచ్చి కిటికీకి అడ్డంగా కొత్త బండి నిలిపారు. దాంతో అరగంట సేపు ఆమెకు మేస్త్రీ వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావట్లేదు. వారం రోజుల నిద్ర ఒక్కసారిగా కనురెప్పల మీద కూర్చుంది. రెప్ప వాలితే చాలు, రోడ్డు మీద పగిలిన ఐసుపెట్టె, దొర్లుతున్న రక్తం సీసాలు. ఉలిక్కిపడి లేచేది.

ఒకసారి లేచి చూసేసరికి మేస్త్రీ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె పక్కన నూనె డబ్బా పెట్టి వెళ్ళిపోయాడు. ఊపితే అడుగున కొంచెం చప్పుడైంది. లీటరు డబ్బాలో బండి తాగగా మిగిలింది. ఎవరూ అడగలేదు, ఆయనే తెచ్చి ఇచ్చాడు. మిగిలిన గుడ్డముక్క మడిచి ఇచ్చే దర్జీని నమ్మొచ్చని ఆమె తన ఖాతాదార్లకు ఎన్నిసార్లు చెప్పిందో! మనసు కాస్త తేలికపడింది.

బండి కడిగి బయట నిలబెట్టారు. బిల్లు వచ్చింది. అన్నింటికీ టిక్కులున్నాయి. ‘ముందు బ్రేకు శుభ్రం, సెట్టింగు’ పక్కన కూడా టిక్కు ఉంది. హ్యాండిలు దగ్గర బ్రేకు నొక్కి చూసింది. గట్టిగా, వెంటనే పడింది. అమ్మయ్య అనుకుని వంగి చక్రం వైపు చూసింది.

ఎర్రదారం అలాగే ఉంది. నీళ్ళతో కడగడం వల్ల పొద్దుటికన్నా ఎర్రగా ఉంది. నాలుగు చుట్లూ, ముడీ చెక్కు చెదరలేదు.

టై ఆయన దగ్గరికెళ్ళి అరవచ్చు. పొద్దున్నుంచీ అరుపులకే కదా తయారై వచ్చింది. కానీ ఆ ఓపిక ఎక్కడిది? తిన్నగా లోపలికి వెళ్ళింది. మేస్త్రీ నూనె వదిలేలా రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుంటున్నాడు.

“నాయనా, ముందు చక్రం దింపలేదు కదూ?”

ఆయన చేతులు ఆగాయి.

“పైన కేబులు బిగించావు. నాలుగు రోజులు బాగానే పడుతుంది. తర్వాత?”

ఆయన గోడ వైపు చూశాడు. అక్కడ మేకుకు ఆ రోజు కార్డులు గుచ్చి ఉన్నాయి. అన్నిటికన్నా పైన కూతురి బండిది. అందులో ‘గంటన్నర’ కొట్టేసి ‘గంట’ అని రాసి ఉంది. ఆ మార్పు ఎవరు చేయించారో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. గంట పనికే జీతం కట్టే చోట, గంటలో నూనె దించాలి, ప్లగ్గు మార్చాలి, చెయిను బిగించాలి. చక్రం దింపే అరగంటను తన నోటితో తనే తగ్గించేసింది.

బెంచీ అక్కడ లేదు కాబట్టి ఒక టైరు మీద కూలబడింది.

“నాకు తెలుసులే,” అంది. “నేనూ చేస్తాను. బేరమాడి, బేరమాడి సగానికి తెచ్చేవాళ్ళుంటారు. సరే అంటాను. లోపల రెండో కుట్టు వేయను. బయటికి ఏం తేడా ఉండదు, ఇస్త్రీ చేసి ఇస్తే సంతోషంగా తీసుకెళ్తారు. నెల తిరిగేసరికి చంక దగ్గర విడిపోతుంది. విడిపోతే పరువే కదా పోయేది, పోనీలే అనుకుంటాను.” బయట ఉన్న బండి వైపు చూసింది. “ఇది విడిపోతే మా పిల్ల పోతుంది నాయనా.”

మేస్త్రీ చేతులు తుడుచుకుని, పానా అందుకుని, బయటికి నడిచాడు. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, దారం చూసి, తలెత్తి ఆమెను చూశాడు. మిషనమ్మ సంచిలోంచి చిన్న కత్తెర తీసి తన ముడి తనే కత్తిరించింది.

“అమ్మా, కార్డు మూసేశాం, మళ్ళీ ఏంటి?” టై ఆయన అద్దాల తలుపు తీసుకుని వచ్చాడు.

“గంటన్నర రాయి బాబూ. పొద్దున నువ్వు రాసిందే.”

టై ఆయన తలూపి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజుకు ఆయన మాటలు కూడా అయిపోయినట్టున్నాయి.

చక్రం దిగింది. మధ్యలో డబ్బా మూత లాంటిది తీస్తే నల్లటి పొడి పిండిలా రాలింది. లోపల చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు షూలు తీసి ఆయన ఆమె అరచేతిలో పెట్టాడు. ఒకటి పర్వాలేదు, రెండోది ఒక పక్కన కాగితమంత పలచగా అరిగిపోయింది. దాని మీద వేలు రాసుకుంటూ ఆమె ఎంతోసేపు కూర్చుంది. వారం రోజులుగా కళ్ళ ముందు ఆడుతున్న రోడ్డు ఈ పలచని అంచు మీదే ఉంది. భయం నిజమైనప్పుడు హమ్మయ్య అనుకోవాలో, ఏడవాలో తెలియలేదు.

ఫోను మోగింది. “అమ్మా, ఇంకా అక్కడేనా? గొడవ పడ్డావా?”

“లేదే. ఇంకో అరగంట.”

“పొద్దున్నుంచీ ఏం చేస్తున్నారక్కడ?”

“పొద్దున్నుంచీ నేను చేసిందే ఇప్పుడు బాగుచేస్తున్నారు. నువ్వు నెమ్మదిగా బస్సులో రా.”

మేస్త్రీ కొత్త షూలు తెచ్చాడు. షూలు కూర్చునే డ్రమ్ము లోపల గుడ్డతో తుడిచాడు. గీత పడినచోట మళ్ళీ తుడిచాడు. ఎండ అద్దాల మీంచి దిగి నేల మీదికి వచ్చింది. కొత్త బళ్ళ దగ్గర దీపాలు ఒకటొకటిగా ఆర్పుతున్నారు.

“ఒక్కటి చెప్పు,” అంది మిషనమ్మ. “నాకు బండి సంగతి తెలీదు. మావారు బయట ఆరువందలంటారు, ఇక్కడ రెండువేల నాలుగువందలంటారు. పుస్తకం చూసుకుని కొట్లాడాను, అయినా తప్పుచేశాను. పొద్దున రాసిన కాగితంలో ఏది న్యాయం, ఏది అన్యాయం?”

ఆయన వినలేదేమో అనిపించింది. చక్రం ఎక్కించాడు. నట్టు చేత్తో తిప్పి, తర్వాత పానాతో బిగించాడు. చక్రం గిర్రున తిప్పి బ్రేకు నొక్కాడు. ఠక్కున ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆపాడు. మూడోసారి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మిషనమ్మ అడిగిన మాట మర్చిపోయి, లేచి, చీర దులుపుకుంది. నూనె డబ్బా సంచిలో పెట్టుకుంది. గేటు అవతల బస్సు ఆగి, కూతురు దిగి, రోడ్డుకు అటూ ఇటూ చూసుకుంటోంది.

అప్పుడు మేస్త్రీ పానా కింద పెట్టాడు. బొంగురుగా, చాలాకాలంగా వాడని గొంతుతో అన్నాడు:

“ఫ్లష్షూ, పాలిష్షూ, కోటింగూ... మీరు కొట్టించింది సరైందేనమ్మా. గంటన్నర మాత్రం గంటన్నరే.”