సన్నెమ్మ మూట మీది రాయి

మూట మాయమైంది, మూట మీద పెట్టిన రాయీ మాయమైంది, ఆ రెండూ ఉండాల్సిన చోట, పోయిన వారం మేమంతా దగ్గరుండి దహనం చేయించిన సన్నెమ్మ గొంతుక్కూర్చుని నన్ను గుర్రుగా చూస్తోంది.

"ఒచ్చినావా మేడమ్మా! ఇప్పుడా ఒచ్చీది?" అంటోంది.

ఇది విశాఖపట్నం బస్ కాంప్లెక్స్ వెనక గోడేనని నాకు తెలుసు, ఆమె ఏళ్ల తరబడి బతికిన ఫుట్‌పాతే, కానీ గోడ మీద ఆసుపత్రి వార్డుల నంబర్లున్నాయి, రోడ్డు ఉండాల్సిన చోట సముద్రం మోకాలి లోతున నిలబడి ఉంది, ఆ నీళ్లలో ఒక బస్సు ఇంజను ఆపకుండా గురగురలాడుతోంది, ఫుట్‌పాత్ నడిమధ్యలో గోడంటూ లేకుండా ఒక తలుపు బార్లా తెరిచి ఉంది, ఇంత గాలిలోనూ అది మూసుకోవడం లేదు. ఇవేవీ నాకు వింతగా లేవు. చిరాగ్గా ఉన్నాయి, అంతే. ఇల్లు లేనివాళ్ల మాటలు విని రాసుకోవడం నా ఉద్యోగం. ఈవిడ బతికుండగా ఒక్క ప్రశ్నకీ తిన్నగా జవాబివ్వలేదు, ఇప్పుడైనా ఇస్తుందేమోనని ఫోనులో రికార్డింగు నొక్కి ఆమె ముందు పెడుతున్నాను.

"సన్నెమ్మగారూ, మీరు రోడ్డు మీదికి ఎప్పుడొచ్చారు, ఎలా వచ్చారు?"

"ఓలమ్మ, మల్లీ అదేనేటి? ముందు నా మూటేదో సెప్పు."

"మూట సంగతి తర్వాత మాట్లాడదాం."

"తరవాతేటి తరవాత? బస్సు ఎల్లిపోతాది."

ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న కండక్టరు నా వైపు తిరిగి తల కొట్టుకుంటున్నాడు. "మూట లేకుండా ఎక్కదంట మేడమ్! ఇది కదిలిపోతే ఆవిడకి మరి బస్సు లేదు. చచ్చిపోయి కూడా ఇక్కడే, ఈ ఫుట్‌పాత్ మీదే ఉండిపోవాలి. మీరైనా చెప్పండి."

"ఎక్కు మామ్మా! ఏముందా మూటలో అంత?" అంటున్నాను.

"ఏటున్నాదా? రెండు కోకలు. దుప్పటి. సత్తు గలాసు. కుక్కరు మూత."

"కుక్కరేది?"

"కుక్కరెక్కడైనా దొరుకుతాది. మూతే దొరకదు. ఇల్లు దొరికిన్నాడు కొనుక్కుంతాను."

నాకు ఒళ్లు మండిపోతోంది. దగ్గితే నెత్తురు పడుతున్న మనిషిని ఎంత బతిమాలి ఆసుపత్రికి ఒప్పించానో నాకే తెలుసు, మూటనెవరు చూస్తారని ఒకటే పేచీ, చివరికి తనే ఒక రాయి తెచ్చి మూట మీద పెట్టి, సగం పసుపు సగం నలుపు రంగున్న ఫుట్‌పాత్ అంచు రాయి అది, ఇంక ఫర్వాలేదని లేచింది. మా వ్యాను నడిపే దాలినాయుడు సీటు తుడిచి, దుప్పటి పరిచి మరీ ఎక్కించుకున్నాడు. మందులు పనిచేస్తున్నాయని డాక్టరు చెప్పిన రోజునే ఈ మహాతల్లి వార్డు నుంచి లేచి నడుచుకుంటూ ఇక్కడికొచ్చేసింది, మూట కనపడక కాంప్లెక్స్ చుట్టూ వానలో తిరిగి తిరిగి ఈ గోడ కిందే పడిపోయింది.

"కుక్కరు మూత కోసం చచ్చిపోయావు, తెలుసా నీకు?" అని అరుస్తున్నాను.

"అరవకు. మంచం మీద రోగులున్నారు." నిజమే, ఇప్పుడామె ఇనుప మంచం మీద ఉంది, ఆ మంచం ఫుట్‌పాత్ మీద ఉంది. "నన్ను సూడ్డానికి ఆస్పత్రికొచ్చినావే, నీ సంచి ఎక్కడెట్టినావు?"

"ఒళ్లో పెట్టుకున్నాను."

"ఉన్నంతసేపూ దాన్నట్టుకునే కూకున్నావు. నానేమైనా అన్నానేటి?"

మళ్లీ పాత ప్రశ్నకే పోతున్నాను. ఎవరో ఒకరికైనా నిజం చెప్పి ఉంటావు కదా మామ్మా, ఎలా వచ్చావిక్కడికి?

"సెప్పకేటి! కాలేజీ పిల్లలొచ్చి అడిగితే మొగుడు కొట్టినాడన్నాను. చర్చీవోల్లకి తుపాన్లో ఇల్లు పోనాదన్నాను. టీవీవోడికి కొడుకులు గెంటీసినారన్నాను, ఆడు ఏడ్సినాడు కూడాను, పాపం."

"ఇందులో ఏది నిజం?"

"అన్నీ నిజమే. నావి కావు, పక్కోల్లవి. ఆల్లకి సెప్పుకోడం సాతకాదు. మీరంతా ఇనడానికే ఒస్తారు, ఇనీసి ఎల్లిపోతారు. నానేటి అడుగుతన్నానో ఒక్కులూ ఇనరు. ఆ తలుపెందుకు మూసుకోడం నేదో సూడు, ఎల్లు."

"తలుపు సంగతి నాకెందుకు? మూట ఎవరు తీశారో తేలుస్తాను, ఉండు." ఇలాంటప్పుడు వరసగా అనుమానితుల్ని పట్టుకోవాలి. "తెల్లారే ఊడ్చేవాళ్లు బండిలో పారేసి ఉంటారు."

"ఆల్లా? రాయున్న మూటని సీపురు కూడా ముట్టుకోదు. చుట్టూ తిప్పి ఊడిసేసి పోతారు. రాయెట్టినామంటే మనిషున్నట్టే, మల్లీ ఒస్తాదని."

"పక్కన పడుకునే అప్పలకొండ? ఎప్పుడూ తాగే ఉంటాడు."

"తాగి నన్ను నానా బూతులూ తిడతాడు. నా రాయి జోలికి రాడు. ఆడికీ ఒక రాయున్నాది."

"అయితే దొంగెవడో."

"మేడమ్మా, నువ్వు సదువుకున్నావా నేదా? దొంగలకీ తెలుసు రాయంటే. ఆల్లూ ఈ రోడ్డు మీదే కదేటి పడుకుంతారు? రాయంటే తెలీనోడు తీసినాడు." ఆమె మంచం దిగి నీళ్లలో నిలబడుతోంది, నీళ్లు ఆమె చీరని తడపడం లేదు. "ఈ రోడ్డు మీద రాయంటే తెలీనోడెవుడు?"

నేను ఆలోచిస్తున్నాను. కండక్టరు కూడా ఆలోచిస్తున్నాడు.

"ఇల్లున్నవాడు," అంటున్నాను చివరికి.

"అద్గదీ. ఇల్లున్నోల్లలో నాకాడికి ఒచ్చీవోల్లెవులు?"

"నన్నంటున్నావా?"

"నువ్వు కాదులే. నువ్వొంగి ఏదీ తియ్యవు, ఆ ఫోను తప్ప."

కండక్టరు కిసుక్కున నవ్వుతున్నాడు. కోపంగా వంగి ఆ ఫోనే తీసుకుంటున్నాను, అది చేతిలో తడి దుప్పటిలా వేలాడుతోంది, సబ్బు వాసన వేస్తోంది, ఆమె మాటలన్నీ అందులోంచి నురగలా కారిపోతున్నాయి. బస్సు కదులుతోంది. "ఎక్కు మామ్మా, నీకు దణ్ణం పెడతాను, ఎక్కు! మూట నేను తెస్తాను."

"తెచ్చీనాకే ఎక్కుతాను. సెప్పినాను కదా, తలుపు సూడని. నీ కల్లెదురుగానే ఉంతే..."

"ఎన్నిసార్లు చెబుతావు తలుపు తలుపని!"

"సూసీవరకూ సెబుతాను. సూడవే మొద్దు మొకమా!"

కండక్టరు విజిల్ వేస్తున్నాడు, మళ్లీ వేస్తున్నాడు, ఆ విజిల్ పొడుగ్గా సాగి ఆవిరైపోతోంది, పప్పు వాసన వస్తోంది.

మేడ మీద ఇంటివాళ్ల కుక్కరు అది. మధ్యాహ్నం ఆఫీసులో బల్ల మీదే తల వాల్చి నిద్రపోయాను. మెడ పట్టేసింది. ఎదురుగా మా ఆఫీసు తలుపు బార్లా తెరిచి ఉంది. బయట గాలికి గేటు కొట్టుకుంటోంది కానీ ఆ తలుపు కదలడం లేదు. కొన్ని రోజులుగా కదలడం లేదు, అంతకు ముందు రోజంతా ధనాధనా కొట్టుకునేది, ఎందుకు మానేసిందని నేను ఒక్కసారీ చూడలేదు. దాని కింద ఒక రాయి ఉంది. సగం పసుపు, సగం నలుపు.

గుమ్మంలో వ్యాను అద్దం తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని దాలినాయుడు నిలబడి ఉన్నాడు.

"దాలినాయుడూ, ఈ రాయెక్కడిది?"

అతను రాయిని చూశాడు, నన్ను చూశాడు. గుడ్డని మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు.

"కాంప్లెక్స్ గోడకాడది మేడమ్. సన్నెమ్మ మూట నేనే తెచ్చీసినాను. ఆవిడ ఆసుపత్రిలో ఉంది కదా, అక్కడ వానకి తడిసిపోద్ది, కంపు కొడతంది, వచ్చేసరికి ఉతికించి ఉంచితే సంతోషిస్తాదని చాకలికిచ్చినాను. దాని మీద ఈ రాయుంటే, ఎవడో ఆకతాయి ఎట్టుంటాడని తీసి వ్యానులో పడీసినాను, తలుపుకి పనికొస్తాదని. ముసురు పట్టి బట్టలారలేదు మేడమ్. ఆ మర్నాడే ఆవిడ... చెప్పేద్దామనుకున్నాను. మూట దొంగ దొరికితే కాళ్లిరగ్గొట్టాలని మీరంటుంటే నోరు రాలేదు. ఆ బీరువా వెనకాలే ఉంది, ఇస్త్రీ కూడా అయిపోయింది. కుక్కరు మూత చింతపండెట్టి తోమినాను, కొత్త గాస్కెట్ ఏయించినాను. సరిగ్గా పడతాదో లేదో చూడ్డానికి కుక్కరు లేదు మేడమ్."