సగటు నలభై

పట్టుగూళ్లు నలిగితే హిందూపురం మార్కెట్లో వేలం పాడేవాళ్లు మొహం తిప్పుకుంటారు. అందుకే నాయన పెనుకొండ నుంచి ఆ నలభై కిలోమీటర్లూ టెంపోను గంటకు ఇరవై మీదే నడిపాడు. అయినా పోనూ రానూ సగటు నలభై తెస్తానని ఇంకో డ్రైవర్ డేవిడ్ మామతో పందెం కాసి వచ్చాడు.

గూళ్లు దింపేశాక తాళంచెవి గిర్రున తిప్పాడు. "ఎక్కు భారతీ. ఇప్పుడు ఖాళీ బండి, అరవై మీద పోతా. ఇరవై, అరవై కలిపి సగం చేస్తే నలభై."

నిన్ననే ఫిజిక్స్ మేడమ్ అచ్చం ఈ లెక్కనే బోర్డు మీద రాసి అడ్డంగా కొట్టేసింది. నేను బండెక్కకుండానే అందుకున్నాను.

"వేగాలు కలిపి సగం చేయకూడదు నాయనా. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాల. పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు. సగటు నలభై రావాలంటే ఎంతసేపట్లో తిరగాల?"

"రెండు గంటల్లో."

"ఈడికి రావడానికే ఎంత పట్టింది?"

"రెండు..." నాయన చేతిలో తిరుగుతున్న తాళంచెవి ఆగిపోయింది.

"అంటే మనం ఈపాటికే పెనుకొండలో ఉండాల," అన్నాను గంతులేస్తూ.

నాయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "అట్లయితే ఇంక తొందరేముండాది? దా, దోసె తిని పోదాం."