కొసరు వేసే యంత్రం

హన్మండ్లు లాభం చూడనిదే అడుగు వేయడు. ఆదివారం పూట కామారెడ్డి గంజ్‌లో దుకాణం మూసి, శనగల గోతం పక్కన కూతురు అనిల ముందు కూర్చున్నాడంటే కారణం ఉంది. మరునాడు ఎల్లారెడ్డి కాలేజీలో ఆమె నమూనా పాఠం చెప్పాలి. నచ్చితే దగ్గర్లోనే ఉద్యోగం, లేకపోతే ఆమె మళ్లీ హైదరాబాద్ వెళ్లిపోవాల్సిందే.

పాఠం కంప్యూటర్ లోపలి అమరిక గురించి. ఏ భాగం ఏం దాచుకుంటుందో, ఏ ఆజ్ఞకు ఏం చేస్తుందో అనుమానానికి తావు లేకుండా రాస్తారట. ఆ రాతను లాప్‌టాప్‌కిస్తే, ఇంకా పుట్టని యంత్రాన్ని పుట్టినట్టే నడిపి చూపుతుందట. పిల్లలకు అర్థం కావాలని అదే రాత ప్రకారం మనుషుల్ని నడపాలనుకుంది అనిల. శనగలే అంకెలు. హన్మండ్లు మెమరీ: అడిగిన డబ్బాలో ఎన్ని గింజలుంటే అన్ని గోతంలోంచి తీసివ్వాలి. అతని అక్క భూమక్క కూడిక: రెండు పళ్లేల్లోవీ కలపాలి.

మూడూ నాలుగూ కలిపితే లాప్‌టాప్ ఏడంది. భూమక్క పళ్లెంలో తొమ్మిది తేలాయి. మళ్లీ చేశారు. మళ్లీ తొమ్మిదే.

“నా రాతలనే తప్పున్నది. రేపు పోను బాపు,” అంటూ అనిల కాగితాలు మడిచేసింది.

“లాప్‌టాప్ సరిగనే చెప్పిందంటివి గద. రాత మంచిదే, మాతోనే తేడా. ఒక్కొక్క అడుగు ఆపి చూడు,” అన్నాడు హన్మండ్లు. తూకం తప్పితే అతను సరుకును తిట్టడు, ముందు కాటా చూస్తాడు.

మొదటి అడుగులోనే ఆమె అతని చెయ్యి పట్టుకుంది. “డబ్బాల మూడే ఉన్నయి. నాలుగెందుకు తీసినవ్?”

“మూడే తీసిన. ఇంకోటి... కొసరు బిడ్డా.”

భూమక్క పడీ పడీ నవ్వింది. “వీడు కొసరేసుడా! మానిక మీద గింజ నిలిస్తే గీకేటోడు. గది నాగవ్వ చెయ్యే!”

ఎల్లారెడ్డి వారపు అంగట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చున్న రోజులవి. అతను కొలిచే మానికను అంచుకు చదును చేసి పోసేవాడు. భార్య నాగవ్వ వెనకే ఓ పిడికెడు వేసేది. ఇల్లు గుల్ల చేస్తున్నవని కసిరితే, “గింజలు పోతయి, మనుషులు మళ్లొస్తరు,” అనేది. ఆమె పోయాక ఆ అలవాటు ఎప్పుడు తన చేతికి దిగిందో అతనికే తెలియదు. జమాఖర్చు పుస్తకంలోకి ఎక్కకుండా ఆమె మిగిల్చిన ఆస్తి అదొక్కటే.

“రేపు నువ్వు గూడ రా బాపు. తప్పెట్ల పట్టాల్నో పిల్లలకు గిట్లనే చూపెడత. నువ్వు కొసరెయ్యి, అంతే.”

“కావాల్నని ఏస్తే గది కొసరెట్లయితది?” అన్నాడు గానీ, వెళ్లాడు.

తరగతిలో ఓ పిల్ల పళ్లెం చాచగానే అతని చెయ్యి అతణ్ని అడగకుండానే కదిలింది. అడుగడుగునా లెక్క సరిచూస్తున్న పిల్లలు ఒక్కసారిగా అరిచారు: “తాతా, తేడా నీ దగ్గర్నే ఉన్నది!” వెనక బెంచీలోని ప్రిన్సిపాల్ నవ్వుతూ లేచి, “ఎప్పుడు చేరతావమ్మా?” అని అనిలను అడిగాడు.

విన్నావా అన్నట్టు హన్మండ్లు ఎడమ పక్కకు తిరిగాడు. అంగట్లో నాగవ్వ ఎప్పుడూ అటే కూర్చునేది.