ఎడమచేతి ఏనుగు

మూడో వెబ్‌సైటు కూడా ఉచితమని పిలిచి, తీరా గుమ్మంలో అడుగు పెట్టగానే కార్డు నంబరు అడిగింది. డ్రాయింగ్ టీచరమ్మ దాన్ని మూసేసి, నోటుపుస్తకంలో "ఉచితం" ముందు "అను" చేర్చింది. పదకొండేళ్లుగా ఆ పుస్తకంలో ఉచితాలకంటే అనుచితాలే ఎక్కువ.

బడి గంట కొట్టేలోపు కంప్యూటర్ గదిలో నలభై నిమిషాలు ఆమెవి. అంతసేపూ గుమ్మంలో నిలబడి తాళంచెవులు మోగించడం కంప్యూటర్ సారుది.

"పిల్లి బొమ్మకి ఇంత పరిశోధనా మేడమ్?"

"పిల్లి కాదు సార్, ఏనుగు. బరువు కదా, లోడవడానికి టైమ్ పడుతుంది."

ఆయన నవ్వలేదు. ఆయన నవ్వు ఆమె లేనప్పుడే ఆన్ అవుతుంది.

ఇవాళ మధ్యాహ్నం డ్రాయింగ్ పీరియడ్ ఉంచాలో ఎత్తేయాలో తేలుస్తానని, ఉచిత పాఠాల జాబితా పట్టుకురమ్మని ప్రిన్సిపల్ చెప్పాడు. ఖర్చు లేదని చూపిస్తే పీరియడ్ బతుకుతుందని ఆమె ఆశ.

నాలుగో వెబ్‌సైటు ఏమీ అడగలేదు. ఏడు గీతల్లో ఏనుగు. ఆమె కళ్లజోడు పైకి తోసుకుని, పెన్సిలు ఎడమచేతిలోకి మార్చుకుంది. నలభై ఏళ్లు బొమ్మలు వేసిన కుడిచేతికి అన్నీ తేలికే, దాని సాక్ష్యం చెల్లదు. ఎడమచేతికి మాత్రం ఆరేళ్లు దాటలేదు. అది గీయగలిగితే ఒకటో తరగతీ గీయగలదు. కుడిచెయ్యి వేసిన బొమ్మలు ఇంట్లో మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మేకులు కొడితే గోడ పాడవుతుందని పెళ్లైన కొత్తలో భర్త అన్నాడు. గోడ ఇప్పటికీ బాగానే ఉంది.

ఆరో గీత దగ్గర, తొండం వంపులో, ఎడమచెయ్యి ఆగిపోయింది. ఆమె పెన్సిలు మళ్లీ కుడిచేతికి మార్చుకుని పుస్తకం అంచున ఏదో రాసుకుంది.

మూడో పీరియడ్‌లో, ఒకటో తరగతిలో, సరిగ్గా ఆ గీత దగ్గరే ఒక పిల్ల కాగితం నలపబోయింది.

"టీచర్, నాది ఏనుగు కాదు. బిందె."

"బిందే కానివ్వు. తొండం పెడితే లేచి నడుస్తుందేమో చూద్దాం."

ఆమె చిన్న బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోలేదు, ఊరికే కూర్చుంది. కాసేపటికి బిందె లేచి నడిచింది.

మధ్యాహ్నం ప్రిన్సిపల్ నోటుపుస్తకం తిరగేశాడు. పక్కన కంప్యూటర్ సారు.

"అన్నీ ఫ్రీయేనా?"

"'అను' లేనివన్నీ సార్. ఒక్కొక్కటీ నేనే గీసి చూశాను."

"మరింకేం. తెర మీద వేసేద్దాం. ఈయన నొక్కుతాడు, పిల్లలు చూసి గీస్తారు. మీకు శ్రమ దేనికి?" మరో పేజీ తిప్పి ఆగాడు. "ఈ బొమ్మలు మీరు వేసినవేనా?"

"నేనే సార్."

"పదకొండేళ్లూ నేర్పింది ఇదా?"

కంప్యూటర్ సారు నవ్వు ఈసారి ఆమె ఉండగానే ఆన్ అయింది.

ఆమె కుడిచెయ్యి బల్ల మీది పెన్సిలు దాకా వెళ్లింది. రెండు నిమిషాలిస్తే ఆ ఇద్దరి ముఖాల్నీ ముడతలతో సహా దించేయగలదు. కానీ ఎడమచేతి సంగతి చెప్పాలంటే ముందు ఆరేళ్ల పిల్ల సంగతి చెప్పాలి. ఆ గదిలో పిల్లని చూసినవాళ్లు లేరు. ఉచితాలన్నీ ఏరి తెచ్చి, తనని ఉచితంగా వదిలించుకునే దారి తనే చూపించింది.

"నెలాఖరుదాకా రండి," అన్నాడు ప్రిన్సిపల్.

"దేనికి సార్? నొక్కడం నాకు రాదు. అంచున రాసినవి మాత్రం చదవండి."

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. గేటు తెరిచినవాడు రోజూ అడిగినట్టే టైమెంతైందని అడిగాడు. చెప్పింది.

మర్నాడు కంప్యూటర్ సారు వెబ్‌సైటు పేర్లు చీటీ మీద ఎక్కించుకున్నాడు. ప్రొజెక్టరు ఒక పక్కకి ఒరిగింది. నోటుపుస్తకం మడిచి దాని కాలి కింద దోపాడు. తెర మీద ఏనుగు నిటారుగా నిలబడింది. కింద, బయటికి పొడుచుకొచ్చిన పేజీ అంచున, కుడిచేతి గుండ్రటి అక్షరాలు: "ఆరో గీత. ఇక్కడ పక్కన కూర్చోవాలి."