డిటెక్టివ్ చచ్చాడంటే ఎవరూ నమ్మరు

గురువారం సాయంత్రం అయితే చాలు, ఆ కుట్టుషాపులో కుర్చీలు సరిపోవు. పొద్దుటినుంచీ ప్యాంట్ల పొడుగులు తగ్గించి, చొక్కాలు బిగించి, పాడైన జిప్పులు మార్చి, నడుం పట్టేసి, ఇక మిషన్ మీద గుడ్డ కప్పేద్దామని షాపు నడిపే ఆవిడ అనుకునే వేళకి మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలయ్యేది. ముందు పళ్ల డాక్టరు. ఆయన వెనక వీధి చివర బ్యూటీపార్లరు నడిపే పార్లరమ్మ. అందరికంటే వెనక, మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ, ఎప్పుడో రిటైరైపోయిన డ్రైవరు బస్సు తాత.

వచ్చినవాళ్లు వచ్చినట్టు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్న ఆవిడ భర్తకి నమస్కారం పెట్టేవాళ్లు. ఆయన బ్లేడుతో పాత కుట్లు విప్పుతూ తల ఊపేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆయనకి గొంతు లేదు. టీవీలో డిటెక్టివ్ వంతెన మీంచి నదిలోకి దూకినప్పుడు, పుష్కరకాలంగా ఆ డిటెక్టివ్‌కి డబ్బింగ్ చెప్పిన ఈయన గొంతు కూడా వాడితోపాటే దూకేసింది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. పాలవాడు కూడా ఆయన్ని అవును, కాదు అని తలాడిస్తే సరిపోయే ప్రశ్నలే అడిగేవాడు.

తప్పంతా సౌండ్ ఇంజినీరుది. డబ్బింగ్ వాళ్లకో పద్ధతుంది. ఎవరైనా తెర మీద చచ్చిపోయే పాత్రకి చివరి ఊపిరి ఇచ్చాక, బయటినుంచి ఇంజినీరు ఆ మనిషిని సొంత పేరుతో పిలవాలి. లోపలున్నవాడు "ఉన్నా" అనాలి. ఆ తరవాతే మైకు కట్టెయ్యాలి. ఆ రోజు తరవాతి షిఫ్టువాళ్లు తలుపు బాదేస్తుంటే, ఇంజినీరు కంగారులో పిలవకుండానే మైకు కట్టేశాడు. ఈయన గాజుగది లోంచి బయటికొచ్చి, చెవులమీది హెడ్‌ఫోన్లు తీసి, "టీ తాగుదామా" అనబోయాడు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"భయపడకమ్మా, ఇదేం కొత్త కాదు," అన్నాడు ఇంజినీరు, ఇంటికొచ్చి ఆవిడ ముందు చేతులు నలుపుకుంటూ. "ఒకావిడ సీరియల్లో గయ్యాళి అత్తగారికి గొంతిచ్చేది. అత్తగారు పోయింది, ఈవిడ గొంతూ పోయింది. జనం ఆ అత్తగారి కోసం ఒక్క కన్నీటి చుక్కయినా కార్చలేదు. పీడా పోయిందని మర్చిపోయారు. వారం తిరక్కుండా ఆవిడ కూరగాయలవాడితో బేరం మొదలెట్టింది. చూసేవాళ్లు వదిలేస్తే గొంతు దానంతటదే ఇల్లు చేరుతుంది."

ఇల్లు చేరడానికి వీళ్లు వదిలితేగా మరి. ఊరు ఊరంతా డిటెక్టివ్ బతికే ఉన్నాడని ఒకటే మాట. శవం దొరకలేదు. ఒడ్డున కోటు మాత్రం దొరికింది. ఇక చూస్కోండి, తలకో కథ.

"వంతెన మీద నవ్వాడు కదా, ఆ నవ్వు పదిసార్లు ఆపి చూశాను," అనేవాడు పళ్ల డాక్టరు. "మన డిటెక్టివ్‌కి పైవరస ఎడంపక్క పన్ను మీద చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. దూకినవాడికి పళ్లు ముత్యాల్లా ఉన్నాయి. వాడెవడో డూపు."

"పళ్లదేముంది, పాపిడి చూశారా మీరు?" అనేది పార్లరమ్మ. "ఎప్పుడూ కుడిపక్క తీసేవాడు, ఆరోజు ఎడంపక్కకుంది. విగ్గు. నా చేతుల మీదుగా ఎన్ని విగ్గులు వెళ్లలేదు, నాకు తెలీదా?"

బస్సు తాత మాత్రం ఎవరేం చెప్పినా ఇసక లారీ వదిలేవాడు కాదు. వంతెన కిందినుంచి ఇసక లారీ వెళ్లిందనీ, డిటెక్టివ్ నీళ్లలో కాదు ఇసకలో పడ్డాడనీ ఆయన పట్టు. నదిలో లారీ ఎలా వెళ్తుంది తాతా అంటే, "నా సర్వీసులో నేను వెళ్లని చోటుందా?" అని ఎదురడిగేవాడు.

అన్నిటికంటే ఆవిడ కడుపు మండే వాదన ఇంకొకటుంది. అది డాక్టరే కనిపెట్టాడు. కిటికీ వైపు చెయ్యి చూపించి, "ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలండీ? సార్ గొంతు తిరిగి రాలేదు. అంటే ఇంకా డిటెక్టివ్ దగ్గరే ఉంది. చచ్చినవాడికి గొంతెందుకు? వాడుకుంటున్నాడు కాబట్టే ఇవ్వలేదు," అనేవాడు. అందరూ అవునవునని తలలూపేవాళ్లు. ఆయన కూడా నవ్వుతూ ఊపేవాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది. గొంతు రాలేదు గనక వాడు బతికున్నాడట. వాడు బతికున్నాడని వీళ్లనుకుంటున్నారు గనకే గొంతు రావడం లేదు. ఈ చక్రంలో పడి తిరగడం తప్ప ఇంక దారేది?

మొదట్లో మర్యాదగా చెప్పి చూసింది. "చచ్చాడనుకుని వదిలెయ్యకూడదూ, మీకు పుణ్యముంటుంది," అంది. పార్లరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "అంత అధైర్యపడకక్కా, తప్పకుండా బతికే ఉంటాడు," అని ఓదార్చింది. ఒక గురువారం ఆవిడ షాపుకి తాళం వేసింది. అందరూ మెట్లమీదే కూర్చుని మాట్లాడుకున్నారు, ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి విన్నాడు. ఇంకోసారి కరెంటు పోయిందని అబద్ధమాడింది. డాక్టరు టార్చిలైటు తెచ్చాడు.

పాత ఎపిసోడ్లు ఉన్నాయిగా, వినొచ్చుగా అంటారు మీరు. వింది. అందులో హంతకులతో మాట్లాడే గొంతుంది, పోలీసులమీద కేకలేసే గొంతుంది. ఉప్పు తక్కువైందని చెప్పే గొంతు లేదు. గుమ్మంలోంచే ఆవిణ్ని పిలుస్తూ వచ్చే గొంతు లేదు. పెళ్లయిన కొత్తలో పెట్టిన ముద్దుపేరొకటి, ఆయన తప్ప ఎవరూ పిలవనిది, ఆ పిలుపు ఎలా ఉండేదో ఆవిడకి మెల్లమెల్లగా చెదిరిపోతోంది. పేరు గుర్తుంది, దాన్ని ఆయన ఎక్కడ సాగదీసేవాడో గుర్తు రావడం లేదు. ఇంట్లో మనిషి గొంతు ఎవరు దాచుకుంటారు? రోజూ ఉండేదేగా అనుకుంటారు. ఒక్కోసారి మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయి, ఇవాళ ఎంత మిగిలిందో చూసుకునేది. నిన్నటికంటే తక్కువుండేది. అప్పుడు భయం వేసేది, మామూలు భయం కాదు.

చివరికి ఒకరోజు తనే స్టూడియోకి వెళ్లి ఇంజినీరుని నిలదీసింది. "ఆ రోజు ఆయన ఇచ్చింది చివరి ఊపిరేనా, నిజం చెప్పు అన్నయ్యా."

"చివరిదేనమ్మా. బతికుండే పాత్రకి మేమది తీసుకోం. తరవాత నది హోరు దానిమీద వేసేశారు, అందుకే టీవీలో ఎవరికీ వినపడలేదు."

"అయితే ఆ ముక్క వచ్చి వాళ్లకి చెప్పు. నువ్వు చేసిన తప్పు నువ్వే దిద్దు."

వచ్చాడు పాపం. గురువారం అందరూ కుర్చీల్లో సర్దుకున్నాక గుమ్మంలో నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఊపిరి లోపలికి తీసుకోవడం లేదనీ, బయటికి వదలడం ఒక్కటే ఉందనీ, తన చేత్తో రికార్డు చేశాననీ చెప్పాడు. డాక్టరు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "మీరు చెవులారా విన్నారా?" అన్నాడు.

"విన్నానండీ."

పార్లరమ్మ కళ్లు తుడుచుకోవడానికి దొరికిన గుడ్డముక్క తీసుకుంది. "అయితే నా ఇసక లారీ..." అన్నాడు బస్సు తాత. కుర్చీ చేతులమీద బరువు మోపి లేచాడు.

అప్పుడు కిటికీ దగ్గర చిన్న దగ్గు వినిపించింది.

ఆవిడ చేతిలో సూది ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇన్నాళ్లుగా దగ్గినా తుమ్మినా ఆయన దగ్గర్నించి చప్పుడన్నది లేదు. తాత మొదటి మెట్టు దిగాడు. "హుఁ" అని సన్నగా ఇంకొక శబ్దం. పార్లరమ్మ లేచింది, ఆవిడ వెనకే డాక్టరూ. ఆ శబ్దం కొంచెం పెద్దదైంది, గరగరమంటూ, అడుగున నీళ్లున్న పంపు కొట్టినట్టు. వెళ్లండి, తొందరగా వెళ్లండి, మీకు దణ్ణం పెడతాను, అనుకుంది ఆవిడ మనసులో. ఏళ్ల తరవాత ఇంటికొస్తున్న మనిషి వీధి మలుపు తిరిగినట్టుంది ఆవిడకి.

ఆయనకీ తెలిసింది. చెయ్యి గొంతు మీద పెట్టుకున్నాడు. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నవ్వింది. కానీ ఆయన నవ్వలేదు. మెట్లు దిగిపోతున్న ముగ్గురి వీపులవైపు చూస్తున్నాడు. ఆ చూపు ఆవిడకి అర్థమైంది, అర్థం కాకపోతే బాగుండుననిపించింది. గొంతు పోయినప్పుడు కూడా ఆయన మొహం అలా వాడిపోలేదు. డిటెక్టివ్ పోతే ఈయనెవరు? కుట్లు విప్పుకునే ఒక ముసలాయన. గురువారాలు లేవు, నమస్కారాలు లేవు, ఆయన పలికిన మాటల్ని ఊరంతా నెమరేసుకోవడం లేదు.

ఆయన ఒక్క ఉదుటున లేచి, మెట్లమీదికి వెళ్లి డాక్టరు చొక్కా పట్టుకున్నాడు. రెండోచేత్తో తాతని ఆపాడు. అందర్నీ వెనక్కి లాక్కొచ్చాడు. హ్యాంగరుకి వేలాడుతున్న ఎవరిదో కోటు తగిలించుకున్నాడు. స్టూలెక్కి నిలబడి, పెదాలు కదపడం మొదలెట్టాడు. చేతులు ఊపుతున్నాడు, కిందికి చూపిస్తున్నాడు, గుండె మీద కొట్టుకుంటున్నాడు. ఎవరికీ ముక్క అర్థం కాలేదు.

"ఏమంటున్నారమ్మా?" అన్నాడు డాక్టరు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆయన పెదాలు చదవడం ఆ ఊళ్లో ఆవిడొక్కదానికే వచ్చు. ఇన్ని నెలలుగా వేరే పనేముంది? దాహంగా ఉందంటున్నారు, వెళ్లిరండి అని చెప్పేస్తే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన స్టూలు మీంచి ఆవిణ్నే చూస్తున్నాడు. బతిమాలుతున్నాడు. పుష్కరకాలం గాజుగదిలో నిలబడి ఒకడి పెదాలకి మాటలందించినవాడు, తన పెదాలకి మాటలందించమని అడుగుతున్నాడు.

ఇంకెవరైనా అయితే ఏం చేసేవాళ్లో గానీ, ఆవిడ వల్ల కాలేదు.

"నేను చావలేదు, అంటున్నారు," అంది.

"నేనంటే?"

"నేనంటే ఆయనే. డిటెక్టివ్."

"మరి చివరి ఊపిరో?" అన్నాడు ఇంజినీరు.

పెదాలు చకచకా కదిలాయి. ఆవిడ వాటి వెంట పరిగెత్తింది. "చివరి ఊపిరి ఇవ్వడం నా వృత్తి. దొంగలకిచ్చాను, రాజులకిచ్చాను, ఒకసారి గుర్రానిక్కూడా ఇచ్చాను. ఇచ్చినప్పుడల్లా చచ్చుంటే ఇవాళ మీ ముందు ఎలా నిలబడతాను? ఆ ఊపిరి విన్నవాళ్లు చచ్చాడనుకోవాలి. అందుకే దాన్ని అంత బాగా ఇచ్చాను."

ఇంజినీరు నెత్తి కొట్టుకున్నాడు. "ఛ, ఇది నాకు తట్టలేదే," అన్నాడు. పార్లరమ్మ గుడ్డముక్క పక్కన పడేసింది. తాత తన కుర్చీ వెతుక్కుని కూర్చుని, "కింద పడ్డది దేనిమీదో అడుగమ్మా," అన్నాడు.

ఆయన గొంతులో గరగర ఆగిపోయింది. అది ఆగిపోవడం ఆవిడ వింది. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, దాన్ని ఇంకెవరు వింటారు? ఆవిడ ఆగలేదు. ఆయన తొందరపడితే తొందరపడింది, ఆయన నిలిపితే నిలిపింది, ఇసక లారీ దగ్గరికొచ్చేసరికి పెదాలకి మాట సరిగ్గా అతుక్కుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గొంతు వణకనివ్వలేదు. వణికితే ఆయన చెప్పేది చెడిపోతుంది.

అంతా అయ్యాక డాక్టరు ఆయన్ని పట్టుకుని స్టూలు దింపాడు. ఆయన కోటుతోనే ఆవిడ దగ్గరికొచ్చి, ఎదురుగా నిలబడి, పెదాలు నెమ్మదిగా కదిపాడు. ఒక్కటే మాట.

"ఇప్పుడేమన్నారమ్మా?" అన్నాడు తాత, చెవి ఇటు పెట్టి.

"నన్ను పిలిచారు."

"ఏమని?"

ఆవిడ నోరు తెరిచింది. అందరూ ఆవిడ మాట కోసం చూస్తున్నారు. ఆయన కూడా చూస్తున్నాడు.

"అది మాత్రం నేను చెప్పలేను తాతా," అంది.